"పిల్లల్ని ఆడించడానికి నాలుగేళ్ల చదువా?" అంటున్నాడు మా బాపు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. బాపు ఆర్టీసీలో కండక్టర్, అమ్మ బీడీలు చేస్తుంది. బైపీసీ అయ్యాక నీట్ రెండుసార్లు రాశాను, సీటు రాలేదు. ఇప్పుడు బీఎస్సీ ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్‌లో చేరే అవకాశం ఉంది. అందులో హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్ అనే విభాగం ఉంటుందని, పిల్లల ఎదుగుదల గురించి చెబుతారని తెలిసిన అక్క ఒకామె చెప్పింది. నాకు అది చదవాలని ఉంది. మా తమ్ముడికి ఐదేళ్లు. మూడేళ్లు నిండేదాకా మాట రాలేదు, ఇప్పటికీ రెండు మూడు మాటలు కలపడం వాడికి కష్టమే. వాడి కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నప్పుడే నాకీ ఆసక్తి పుట్టింది. కానీ బాపు "పిల్లల్ని ఆడించడానికి నాలుగేళ్ల చదువా?" అంటున్నాడు. చిన్నబాపు నర్సింగ్‌లో చేరమంటున్నాడు. ఈ చదువుతో నేను సైకాలజిస్ట్ కావచ్చా? ఉద్యోగాలు ఉంటాయా? బాపుకు ఏం చెప్పాలి? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

సమాధానం: బిడ్డా, మొదట మీ బాపు అడిగినదానికే జవాబు చెప్తాను. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నేను ఈ చదువు చదివి ఇరవై ఏళ్లు దాటింది, ఆ తర్వాత వేరే పని చేయలేదు. ఈ ప్రశ్న నన్ను పెళ్లిళ్లలో అడిగారు, బస్సుల్లో అడిగారు, మా అత్తగారింట్లో కూడా అడిగారు. "పెళ్లయ్యాక పనికొస్తుందిలే" అని మెచ్చుకున్నవాళ్ల మాట అంతకన్నా ఎక్కువ బాధపెట్టేది. ఆడించడం అనే మాటను అంత తేలిగ్గా వదిలేయకు. అసలు ఆ ఆటలో మేము ఏం నేర్చుకున్నామో చెప్తాను.

మేము చదివేటప్పుడు కాలేజీ ఆవరణలోనే ఒక చిన్న నర్సరీ బడి ఉండేది, ల్యాబ్ నర్సరీ అనేవాళ్లం. కెమిస్ట్రీ వాళ్లకు బీకర్లు ఉన్నట్టు మాకు మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు. ఒక్కొక్కరం ఒక్కో పిల్లవాణ్ని ఇరవై నిమిషాలు చూసి, చూసింది చూసినట్టు రాయాలి. నాకు ఇచ్చిన బాబు ఇసుకలో ఆడుకుంటున్నాడు, టీచరమ్మ ఎన్నిసార్లు పిలిచినా లేవడు. "బాబు మొండిగా ఉన్నాడు, టీచర్ మాట వినలేదు" అని రాసి ఇచ్చాను. మా మేడమ్ 'మొండిగా' కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన మూడు ప్రశ్నలు రాసి వెనక్కి ఇచ్చింది. మొండి అంటే ఏం చేశాడు? టీచర్ ఎటువైపు నుంచి పిలిచింది? పిలిచినప్పుడు బాబు చూపు ఎక్కడుంది?

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మర్నాడు మళ్లీ కూర్చుని ఈసారి గీతలు పెట్టుకుంటూ లెక్క రాశాను. వెనక నుంచి నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ తిరగలేదు. ఎదురుగా వచ్చి, మొహం చూస్తూ చెప్పినప్పుడు మాత్రం ప్రతిసారీ చెప్పింది చేశాడు. ఆ కాగితం పట్టుకుని మేడమ్ బాబు వాళ్లమ్మతో మాట్లాడింది, వాళ్లు చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. జలుబు ముదిరి కర్ణభేరి వెనక నీరు చేరింది, వాడికి సరిగ్గా వినపడడం లేదు. ఇంట్లో మొండివాడని ఆర్నెల్లుగా దెబ్బలు తింటున్నాడట. నేను కూడా నా కాగితం మీద ఆ పేరే పెట్టాను కదా అని ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఈ చదువుకు గుండెకాయ అదే. చూడడం, పేరు పెట్టేముందు చూడడం. మిగతాదంతా, అంటే సిద్ధాంతాలు, పరీక్షలు, వయసుల పట్టికలు అన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

పియాజే అని స్విట్జర్లాండ్ ఆయన ఒకాయన ఉన్నాడు, ఆయన పేరు నీకు మొదటి ఏడాదిలోనే వినపడుతుంది. పొట్టి వెడల్పు గిన్నెలో ఉన్న నీళ్లను పిల్లవాడి కళ్లముందే సన్నటి పొడుగు గ్లాసులో పోసి, ఇప్పుడు నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా, అంతే ఉన్నాయా అని అడగాలి. నాలుగైదేళ్ల పిల్లలు దాదాపు అందరూ "ఎక్కువైనయ్" అంటారు. నేనిది ఒక ఊళ్లో అరుగు మీద చేస్తుంటే ఆ పాప వాళ్ల నానమ్మ ఊరుకోలేక "నీ కండ్ల ముందటనే పోసిరి గదనే, అబద్ధం ఎందుకు చెప్తున్నవే" అని కసిరింది. పాప అబద్ధం చెప్పలేదు. ఆ వయసులో ఎత్తు ఒక్కటే కనపడుతుంది; ఎత్తు పెరిగి వెడల్పు తగ్గింది అని రెండూ కలిపి పట్టుకోవడం సుమారు ఏడేళ్లకు గానీ రాదు. నానమ్మకు అది చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆమె కాసేపు ఆలోచించి, పక్కింటి పిల్లవాణ్ని పిలిచి తనే గ్లాసులో నీళ్లు పోసి అడిగింది. ఒక పెద్దామె అలా తన కళ్లతో తనే పరీక్షించుకోవడం చూస్తే కలిగే ఆనందం వేరు.

ఇక 'ఫ్యామిలీ స్టడీస్' అనే రెండో సగం. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ నా దృష్టిలో మీ ప్రాంతపు పిల్లకు అసలు బలం ఇక్కడే. మీ కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కదా. బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు. పిల్లవాడి చుట్టూ ఇల్లు, బడి మాత్రమే ఉండవు, వాడు జీవితంలో అడుగుపెట్టని చోట్లు కూడా వాణ్ని పెంచుతుంటాయి, ఉదాహరణకు తండ్రి పనిచేసే చోటు అని. పుస్తకంలో చదివితే పొడిగా ఉంటుంది. కానీ ఫీల్డ్‌వర్క్‌లో ఒక రెండేళ్ల పాపను "నాన్న ఏడి?" అని అడిగితే పరిగెత్తుకుంటూ పోయి వాళ్లమ్మ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ పాపకు నాన్న అంటే ఫోన్. దుబాయ్‌లో ఎవరో మేనేజర్ సెలవు ఇస్తాడా ఇవ్వడా అన్నదాన్ని బట్టి ఇక్కడ ఒక పాప నాన్న ఒంటి స్పర్శ ఎప్పుడు తెలుసుకుంటుందో తేలుతుంది. ఆరోజు ఆ సిద్ధాంతం నాకు నిజంగా అర్థమైంది.

బీడీల ఇళ్ల సంగతి నీకు నేను చెప్పాలా? అయినా ఒకటి చెప్తాను. ఆఖరి ఏడాదిలో ఊళ్లోనే ఉండి పనిచేసే కార్యక్రమం ఉంటుంది, రావె అంటారు. అప్పుడు ఒక ఇంట్లో ఫారం నింపుతున్నాను. తల్లి ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆమె వేళ్లు మనతో మాట్లాడుతున్నా ఆగవు, వెయ్యి బీడీల లెక్కన కూలి కాబట్టి ఆగడానికి లేదు. "చిన్నపాపను చూసుకునేది ఎవరు?" అని అడిగితే "నేనే" అంది. రాసుకున్నాను. ఆ మధ్యాహ్నం మూడు గంటలు అక్కడే ఉన్నాను. పాప ఏడిస్తే ఎత్తుకుంది తొమ్మిదేళ్ల అక్క, ముడ్డి కడిగింది అక్క, అన్నం పిసికి పెట్టింది అక్క. అక్క బడి సంచి గోడకు మేకుకు వేలాడుతోంది. బుధవారం, సెలవు రోజు కాదు. తల్లి అబద్ధం చెప్పలేదు, పాప ఆమె కళ్లముందే ఉంది, ఆమె మనసులో చూసుకుంటున్నది తనే. కానీ ఆ ఫారంలో తొమ్మిదేళ్ల పిల్ల గురించి గడే లేదు. ఆ గడి లేకపోతే ఆ పిల్ల బడి మానేసిన సంగతి ఏ లెక్కలోకీ రాదు. ఇలాంటివి పట్టుకోవడానికి పట్నం నుంచి వచ్చినవాళ్లకు ఏళ్లు పడుతుంది, నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నీకు లేనిది దాన్ని పద్ధతిగా రాసి, నలుగురి ముందు నిలబెట్టే శిక్షణ. ఆ శిక్షణే ఈ చదువు.

సరే, ఇప్పుడు చేరేముందు తెలుసుకోవాల్సినవి. మొన్నమొన్నటి దాకా హోం సైన్స్ అన్నదాన్నే ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. హైదరాబాద్‌లో సైఫాబాద్ కాలేజీ, ఆంధ్రాలో గుంటూరు కాలేజీ, రెండూ వ్యవసాయ విశ్వవిద్యాలయాల కిందే నడుస్తాయి. అందుకే "అగ్రికల్చర్ వాళ్లకు దీనికి ఏం సంబంధం" అని నువ్వు గాభరా పడకు. ఒకటి మాత్రం ముందే గుర్తుపెట్టుకో. ఈ నాలుగేళ్లలో పిల్లల గురించి ఒక్కటే చెప్పరు. పోషకాహారం, బట్టల తయారీ, ఇంటి వనరుల నిర్వహణ, విస్తరణ విద్య (నేర్చుకున్నది ఊళ్లలోకి తీసుకెళ్లి చెప్పే పద్ధతులు) అన్నీ చదవాలి, వంట ల్యాబ్ ఉంటుంది, కుట్టుమిషన్ ముందు కూర్చోవాలి. నువ్వు అడిగిన హ్యూమన్ డెవలప్‌మెంట్ విభాగం (హెచ్‌డీఎఫ్ఎస్ అంటారు) ఒక్కటే లోతుగా కావాలంటే ఎమ్మెస్సీలో తీసుకోవాలి. అది చదవడానికి సైఫాబాద్ ఉంది, ధార్వాడ ఉంది, బరోడాలో ఎం.ఎస్. యూనివర్సిటీ ఉంది, ఢిల్లీలో 1932లో మొదలైన లేడీ ఇర్విన్ కాలేజీ ఉంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోం సైన్స్ విభాగాలు ఉన్నాయి. అంటే నిన్ను నువ్వు నాలుగేళ్లకు కాదు, ఆరేళ్లకు సిద్ధం చేసుకోవాలి. ఈ మాట బాపుకు ఇప్పుడే చెప్పు, నాలుగో ఏడాదిలో చెప్తే ఆయనకు మోసపోయినట్టు అనిపిస్తుంది.

సైకాలజిస్ట్ కావచ్చా అన్నావు. ఈ డిగ్రీతో నేరుగా కాలేవు. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో అమ్మాయిలు దెబ్బతినడం చూశాను. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి, 1992 చట్టం ఉంది దానికి. దానికి ముందు సైకాలజీ చదివి ఉండాలి. కొన్ని యూనివర్సిటీలు ఏ డిగ్రీ ఉన్నా సైకాలజీ పీజీలోకి తీసుకుంటాయి, కొన్ని డిగ్రీలోనే సైకాలజీ ఉండాలంటాయి. దూరవిద్యలో చేసేద్దాం అనుకోకు, 2025లో యూజీసీ సైకాలజీకి ఆ దారి మూసేసింది. నీకు మనసులో ఉన్నది సైకాలజీ ఒక్కటే అయితే బీఏ లేదా బీఎస్సీ సైకాలజీలోనే చేరు.

ఇంకో మాట అడుగుతాను, నిజంగా ఆలోచించి చెప్పు. ఆస్పత్రుల్లో తిరుగుతున్నప్పుడు నిన్ను ఆకట్టుకున్నది ఏది? తమ్ముడికి మాట నేర్పుతున్న స్పీచ్ థెరపిస్ట్ పనా? అయితే అది పూర్తిగా వేరే డిగ్రీ, బీఏఎస్ఎల్‌పీ అంటారు, బైపీసీ వాళ్లు చేరొచ్చు, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో ఉంది. తమ్ముడిలాంటి పిల్లలకు పాఠం చెప్పడమా? అయితే స్పెషల్ ఎడ్యుకేషన్, దానికి సికింద్రాబాద్‌లోనే మనోవికాస్ నగర్‌లో నీపిడ్ అనే కేంద్ర సంస్థ ఉంది. లేక ఆ వరండాలో కూర్చున్న తల్లులను, వాళ్ల ఒళ్లో పిల్లలను, "మీవల్లే ఇలా అయింది" అని కోడల్ని నిందించే అత్తలను చూసి, వీళ్లందరికీ ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అని అనిపించిందా? అలా అయితే నువ్వు మా దారిలోకి రావాల్సిన పిల్లవే.

ఉద్యోగాల గురించి దాచకుండా చెప్తాను. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచి హోం సైన్స్ వాళ్లకు అదే పెద్ద ఆధారం. అంగన్‌వాడీల మీద సూపర్‌వైజర్లు, వాళ్ల మీద సీడీపీవోలు అనే ప్రాజెక్టు అధికారులు. హోం సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లు ఆ పరీక్షలు రాయొచ్చు, సోషల్ వర్క్, సోషియాలజీ వాళ్లు కూడా పోటీకి వస్తారు. నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు, అందుకే దాని ఒక్కదాని మీదే కూర్చోవద్దు. జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో కౌన్సెలర్ల పని ఉంటుంది, కాంట్రాక్టు పద్ధతి, జీతం తక్కువ, పని మాత్రం గుండెలు పిండే పని. పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో, బాధిత పిల్లల పక్కన కోర్టులో కూడా ఉండే సపోర్ట్ పర్సన్లకు చైల్డ్ డెవలప్‌మెంట్ పీజీ ఒక అర్హత. ఒక పాప సాక్ష్యం చెప్పే రోజున ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునే మనిషికి పిల్లల భాష తెలిసి ఉండాలి, అది ఎంత అవసరమో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. కృషి విజ్ఞాన కేంద్రాల్లో హోం సైన్స్ శాస్త్రవేత్త పోస్టులున్నాయి. పీజీ అయ్యాక నెట్ రాస్తే కాలేజీల్లో పాఠాలు చెప్పొచ్చు, యూజీసీ నెట్‌లో హోం సైన్స్ ఒక సబ్జెక్టుగా ఉంది. యాభైమంది లేదా అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో చట్టం మార్చారు కదా, వాటిని సరిగా నడపగలిగిన మనుషులు దొరకడం లేదు. జిల్లా ఆస్పత్రుల్లో ఎదుగుదల ఆలస్యమైన పిల్లల కోసం డైక్ (డీఈఐసీ) కేంద్రాలున్నాయి, మీ తమ్ముణ్ని అక్కడికి తీసుకెళ్లి ఉండకపోతే ఒకసారి కనుక్కో, అది వేరే విషయం.

నా తోటివాళ్లలో న్యూట్రిషన్ తీసుకున్నవాళ్లకు ఆస్పత్రుల్లో డైటీషియన్లుగా ముందు ఉద్యోగాలొచ్చాయి. మాకు రెండు మూడేళ్లు ఆలస్యమైంది, మొదటి జీతం నేను ఇంట్లో చెప్పుకోలేకపోయాను. వెంటనే సంపాదించి ఇంటికి ఆసరా కావాల్సిన పరిస్థితి ఉంటే చిన్నబాపు చెప్పిన నర్సింగ్‌ను తీసిపారేయకు. అది మంచి చదువు, త్వరగా పని దొరుకుతుంది. ఇంట్లో డబ్బు పరిస్థితి ఏమిటో నువ్వు రాయలేదు, అమ్మానాన్నలతో కూర్చుని నువ్వే లెక్క వేయాలి.

ఇప్పుడు తమ్ముడి విషయం. నీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను ఆపింది అదే. వాడి కోసం ఈ చదువు చదవాలనుకుంటే మాత్రం కాస్త ఆగు. ఈ చదువు నిన్ను వాడికి డాక్టర్‌ను చేయదు, థెరపిస్ట్‌ను చేయదు. వాడి బాగోగులు ఇంట్లో పెద్దకూతురి మీద పడడం మన దగ్గర ఎలా జరిగిపోతుందో నాకు తెలుసు. "అక్క చదువుకుంది కదా, అక్కే చూసుకుంటుంది" అని ఎవరూ నోరు తెరిచి అనకుండానే ఇంట్లో అందరూ అనుకునేస్తారు, నువ్వు కూడా అనుకుంటావు. వాడికి థెరపీ వారం తప్పకుండా జరగాలి, అది అమ్మానాన్నల బాధ్యత. నువ్వు వాడికి అక్కవి, ఆడు, పాడు, వాడు ఒక మాట అంటే నువ్వు దానికి ఇంకో మాట కలిపి తిరిగి చెప్పు. వాడు "బస్సు" అంటే నువ్వు "బాపు బస్సు" అను, అక్కడితో చాలు. చదువు మాత్రం నీ కోసం ఎంచుకో.

బాపుకు ఏం చెప్పాలి? నాకు ఇష్టం, నాకు ఆసక్తి అని చెప్తే ఆయన వినడు, అది ఆయన భాష కాదు. ఆయన కండక్టర్ కదా. ఐదేళ్లు నిండని పిల్లలకు టికెట్ లేదు, ఐదు నుంచి పన్నెండు దాకా మగపిల్లలకు హాఫ్ టికెట్. తల్లి "నాలుగేళ్లే" అంటుంది, పిల్లవాడు ఆరేళ్లవాడిలా ఉంటాడు. ఆ పిల్లవాడి వయసు బాపు ఎలా పట్టుకుంటాడో అడుగు. ముందరి పళ్లు ఊడాయా అని చూస్తాడా, ఏ క్లాసు అని పిల్లవాణ్నే అడుగుతాడా? ఇన్నేళ్ల సర్వీసులో ఆయన వేల మంది పిల్లలను చూసి ఉంటాడు. ఆయన చెప్పేది మొత్తం వినిపించుకో, మధ్యలో ఆపకు. ఆ తర్వాత చెప్పు, బాపూ, నువ్వు చూపుతో పట్టుకున్నదాన్నే కాలేజీలో పద్ధతిగా నేర్పుతారు, నేను చదవాలనుకుంటున్నది అదే అని. ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, ఆరేళ్లకు మొత్తం ఎంత, స్కాలర్‌షిప్ వస్తే ఎంత తగ్గుతుంది, ఇవన్నీ కనుక్కుని ఒక కాగితం మీద రాసి అదే రోజు చేతిలో పెట్టు. వీలైతే బాపును వెంటబెట్టుకుని సైఫాబాద్ వెళ్లి కాలేజీ చూసి రండి, సీనియర్లతో ఆయన్నే మాట్లాడనివ్వు.

ఒక పని చెప్తాను, సీటు ఒప్పుకునే లోపు చెయ్. మీ ఊరి అంగన్‌వాడీ టీచర్‌ను అడిగి మూడు రోజులు ఉదయం పూట అక్కడ కూర్చో. రోజూ ఒకే బిడ్డను ఎంచుకుని పది నిమిషాలు చూడు, మీ తమ్ముణ్ని కాదు, ఎవరో తెలియని బిడ్డను. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లు. చేతులు ఏం చేస్తున్నాయి, ఎవరి దగ్గరికి వెళ్లింది, ఎవరు పిలిస్తే తిరిగింది, ఏం చూసి ఆగిపోయింది, కంటికి కనపడింది మాత్రమే రాయి. మంచిపిల్ల, అల్లరిపిల్ల, సిగ్గుపడుతోంది అనే మాటలు ఒక్కటి కూడా రాయకు. మొదటిరోజు నాలుగు వాక్యాలే వస్తాయి, పర్వాలేదు. మూడోరోజుకు ఎన్ని వచ్చాయో, ఇంకాసేపు కూర్చోవాలని నీకు అనిపించిందో లేదో చూసుకో. బిడ్డ పేరు రాయకుండా ఆ మూడు కాగితాలూ నాకు పంపు, ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది.